ఉత్తరదేశములు సామ్యవాద దేశములా?

గత మాసమున ఒక పనిమీద కృష్ణాతీరమందలి యొక గ్రామమునకు పోయియుంటిని. సాయంకాలము రావిచెట్టు క్రింది అరుగుమీద ఇద్దరు పెద్దలు వాదించుకొనుచుండిరి. అందొకరి మనుమడు స్వీడను దేశమున ఉద్యోగము చేయుచున్నాడట. “బావా, అచ్చట బిడ్డ పుట్టినది మొదలు ప్రభుత్వము నెలనెలకు సొమ్మిచ్చును. బడికి జీతము లేదు. జబ్బు చేసినచో ఆసుపత్రిలో స్వల్పమైన రుసుము చెల్లించిన చాలును. అది సామ్యవాద దేశము గాక మరేమి?” అని ఆయన అనెను. రెండవ ఆయన నవ్వి, “సామ్యవాదమే యైనచో మీ మనుమడు పనిచేయు కంపెనీకి యజమానులెందుకున్నారు? వారు లాభములెట్లు పంచుకొనుచున్నారు?” అని యడిగెను. పిమ్మట ఇద్దరును నావైపు తిరిగి, “పంతులుగారూ, మీరు చరిత్ర చదివినవారు. ఈ తగవు మీరే తీర్పవలెను” అనిరి. బస్సు వేళ యగుటచే నేనప్పుడు బదులు చెప్పలేకపోతిని. ఆనాడు బాకీపడిన ఉత్తరమును నేడు రేడియో ముఖమున చెల్లించుచున్నాను.

ధాన్యము కొలుచుటకు ముందు కుంచము సరియైనదో కాదో చూచుకొందుము. మాటలకును అట్టి కుంచము కావలెను. పందొమ్మిదవ శతాబ్దమున సామ్యవాదమును, అనగా సోషలిజమును, వ్యాపింపజేసిన వారిలో అధికుల యభిప్రాయమున దాని యర్థమిది: భూములు, గనులు, కార్ఖానాలు, బ్యాంకులు వ్యక్తుల సొత్తుగా నుండక సంఘముయొక్క ఉమ్మడి సొత్తుగా నుండవలెను. రష్యాలో 1917 వ సంవత్సరపు విప్లవము తరువాత క్రమముగా ప్రభుత్వమే భూస్వామియు, కార్ఖానాదారుడును, వర్తకుడును ఆయెను. 1991 లో సోవియటు రాజ్యము విచ్ఛిన్నమైనది. ఇది మొదటి కుంచము. మరికొందరు పేదలకు ప్రభుత్వము చేయు ప్రతి సహాయమునకును సామ్యవాదమని పేరిడుదురు. ఈ రెండవ కుంచము మిక్కిలి వదులైనది. దీనితో కొలిచినచో కరవుకాలమున గంజి పోయించిన జమీందారును సామ్యవాదియే యగును! మన రాజ్యాంగ పీఠికలో సైతము 1976 వ సంవత్సరపు సవరణచే ఈ మాట చేరియున్నది. కావున దాని కొలతను తెలిసికొనుట మనకును అవసరమే.

ఇక దేశములమాట. యూరపు ఖండమునకు ఉత్తరమున స్వీడను, డెన్మార్కు, నార్వే, ఫిన్లాండు, ఐస్లాండు అను నైదు దేశములు కలవు. అన్నిటి జనసంఖ్యయు కలిపినను మూడుకోట్లకు లోపే. వీని కథ కార్ఖానాలతో గాక పశువుల కొట్టముతో నారంభించుట మంచిది.

1870 ప్రాంతమున అమెరికానుండియు, రష్యానుండియు చౌక ధాన్యము యూరపులోనికి వరదవలె వచ్చిపడెను. డెన్మార్కు రైతులకు ధాన్యపు ధర పడిపోయెను. వారు ఏడ్చుచు కూర్చుండక పాలు, వెన్న, పందిమాంసము అమ్ముటకు మరలిరి. 1882 లో హెడ్డింగు అను గ్రామమున రైతులు కలిసి తమదైన సహకార వెన్న కార్ఖానాను స్థాపించుకొనిరి. ఎవరి ఆవులు వారివే, ఎవరి పొలము వారిదే. పాలనుండి వెన్నతీయు యంత్రము మాత్రము అందరిది. అట్టి సంఘములలో వోటు పశువుల లెక్కను గాక తలల లెక్కను ఇచ్చుట వాడుకయైనది. నాలుగు ఆవులవానికిని ఒక్క వోటే, నలువది ఆవులవానికిని ఒక్క వోటే. కొలది సంవత్సరములలోనే ఈ సంఘములు దేశమంతట వ్యాపించెను. ఇందు ప్రభుత్వపు నిర్బంధము లేదు. సొంత ఆస్తిని వదలుకొనుటయు లేదు. ఈ రైతులలో అధికులు సామ్యవాద పక్షమునకు చెందినవారు కారు. అయినను కలిసి పనిచేయుట వారికి వెన్నతో నబ్బిన విద్య.

స్వీడనులో సామాజిక ప్రజాస్వామ్య పక్షము 1889 లో పుట్టెను. అది సామ్యవాదమును బాహాటముగా చెప్పుకొనిన కార్మికుల పక్షము. దాని నాయకుడైన యాల్మర్ బ్రాంటింగు 1920 లో ప్రధానమంత్రి యయ్యెను. పరిశ్రమలను ఏరీతిగా జాతీయము చేయవచ్చునో విచారించుటకు ఆ సంవత్సరమే యొక సంఘము నియమింపబడెను. ఆ సంఘము పదునైదేండ్లు గడచువరకు విచారించెను, గ్రంథములు ప్రకటించెను, కాని కార్ఖానాలను స్వాధీనము చేసికొను పథకమేదియు దానినుండి ఆచరణకు రాలేదు. 1928 లో వారసత్వపు ఆస్తిపై పన్ను హెచ్చింపవలెనని పక్షము కోరగా, ప్రత్యర్థులు “వీరికి వోటువేయుట మాస్కోకు వోటువేయుటయే” యని గోడలకు ప్రకటనలంటించిరి. ఆ యెన్నికలో పక్షము దెబ్బతినెను.

అదే సంవత్సరమున నాయకుడు పెర్ ఆల్బిన్ హాన్సను శాసనసభలో దేశమును ప్రజలందరి గృహముగా వర్ణించెను. మంచి యింట ముద్దుబిడ్డయు నుండదు, సవతిబిడ్డయు నుండదు అనునది ఆ ప్రసంగసారము. ఆ మాట మధురమే, కాని దేశములోని స్థితి అట్లుండలేదు. 1931 మే నెలలో ఓడాలెను అను ప్రాంతమున సమ్మె సందర్భమున ఊరేగింపుగా పోవువారిపై సైనికులు కాల్పులు జరుపగా అయిదుగురు మరణించిరి. లోకమంతట వ్యాపారము మందగించి నిరుద్యోగులు గుంపులు గుంపులుగా తిరుగుచుండిరి. పల్లెలలో పాలకును, వెన్నకును గిట్టుబాటు ధర లేక రైతులు అప్పులలో మునిగియుండిరి. ఇట్టి సమయమున 1932 లో హాన్సను ప్రధానమంత్రి యయ్యెను. కాని సభలో ఆయనకు పూర్తి బలము లేదు.

సోదరులారా, ఇచ్చటనే అసలు కథ యున్నది. పట్టణపు కార్మికుడు వెన్న చౌకగా దొరకవలెనని కోరును. రైతు దానికి మంచి ధర రావలెనని కోరును. వీరిద్దరికిని పొత్తెట్లు కుదురును? 1933 మే మాసమున కార్మికుల పక్షమును, బ్రాంస్టోర్పు అను రైతునాయకుడు మొదలగువారిచే నడపబడుచుండిన రైతుల పక్షమును ఒక యొప్పందమునకు వచ్చెను. రైతుల పంటకును, పాడికిని ధర నిలబెట్టుటకు కార్మికులు సమ్మతించిరి. కృత్రిమ వెన్నపై పన్నును సైతము అంగీకరించిరి. బదులుగా నిరుద్యోగులకు ప్రభుత్వము పనులు కల్పించి, బయట దొరకు కూలియే ఇచ్చుటకు రైతులు సమ్మతించిరి. పరిహాసమునకు జనులు దీనికి “ఆవుల బేరము” అని పేరిడిరి. సంతలో పశువులబేరమువలె చేతిమీద గుడ్డకప్పి కుదుర్చుకొన్నారని వారి భావము కాబోలు! అయినను ఆ బేరము దేశమును నిలబెట్టెను.

ఇది స్వీడనులో మాత్రమే జరుగలేదు. డెన్మార్కులో 1933 జనవరి 30 వ తేదీన ప్రధానమంత్రి స్టౌనింగు ఇంటిలో అట్టి యొప్పందమే కుదిరెను. ఎగుమతి సాగుటకై రైతుల కోర్కెమేరకు నాణెపు విలువ తగ్గింపబడెను. పేదలకును, వృద్ధులకును సహాయమిచ్చు శాసనములు సంస్కరింపబడెను. ఆ దినముననే జర్మనీలో హిట్లరు ప్రధానియయ్యెను. ఇరుగుపొరుగు దేశములు రెండు ఒకే దినమున రెండు త్రోవలు పట్టినవి. నార్వేలో 1935 లోను, ఫిన్లాండులో 1937 లోను రైతుల పక్షములును, కార్మికుల పక్షములును చేతులు కలిపెను. కాల్పులు జరిగిన ఏడేండ్లకు, 1938 లో, స్వీడను యజమానుల సంఘమును, కార్మికుల సంఘమును సాల్ట్‌షోబాడెను అను చోట కూర్చుండి, తగవులను తామే పరిష్కరించుకొను పద్ధతిని వ్రాసికొనిరి. స్వీడను, డెన్మార్కులలో కనీస కూలిని నిర్ణయించు శాసనము నేటికిని లేదు. సంఘములే బేరమాడి కూలి నిర్ణయించుకొనును.

యుద్ధానంతరమున ఈ గృహమునకు గదులు చేరెను. 1948 లో స్వీడనులోని ప్రతి బిడ్డకును భత్యము వచ్చెను. కోటీశ్వరుని బిడ్డకును, కూలివాని బిడ్డకును సమానమే. 1955 లో అందరికిని ఆరోగ్యపు భీమా ఏర్పడెను. 1959 లో వృద్ధాప్యపు పింఛను విస్తరింపబడెను. ఇంతకాలమును కార్ఖానాలెవరివి? యజమానులవే. 1856 లో స్టాక్‌హోము నగరమున బ్యాంకు స్థాపించిన వాలెన్‌బర్గు కుటుంబము నేటికిని ఆ దేశపు పెద్ద కంపెనీలు పెక్కింటిలో ప్రధాన భాగస్వామిగా నున్నది.

అయిన నెవ్వరును ఆస్తిని ముట్టుటకు ప్రయత్నింపలేదా? ఒకసారి ప్రయత్నించిరి. 1976 లో కార్మికసంఘముల మహాసభ రూడల్ఫ్ మైడ్నరు అను ఆర్థికవేత్తయొక్క పథకము నంగీకరించెను. పెద్ద కంపెనీలు ఏటేట తమ లాభములో నూటికి 20 వంతులకు సరియగు వాటాలను కార్మికుల నిధులకు వ్రాసియీయవలెను. అట్లు సాగినచో కొన్ని దశాబ్దములకు కంపెనీలే కార్మికుల వశమగును. ఇది మొదటి కుంచముతో కొలిచినను సామ్యవాదమే. ఆ సంవత్సరమే పక్షము ఎన్నికలలో ఓడి, నలువదినాలుగేండ్లకు అధికారమునుండి తొలగెను. అందులకు అధిక పన్నులు మున్నగు ఇతర కారణములును కలవు. మరల గెలిచి 1983 లో పథకమును మిక్కిలి సడలించి శాసనము చేయబూనగా, అక్టోబరు 4 వ తేదీన స్టాక్‌హోము వీధులలో పదులవేల జనము నిరసనగా నడచిరి. ఆ పక్షపు ఆర్థికమంత్రియే సభలో కూర్చుండి ఆ నిధులను వెక్కిరించు పద్యమును కాగితముపై వ్రాసికొనుచు ఛాయాగ్రాహకునికి పట్టుబడెను! 1991 లో ప్రభుత్వము మారగా నిధులు రద్దాయెను. ఆ సొమ్ములో కొంత పరిశోధనా సంస్థలకు పోయెను. ఆస్తి గడపవద్దకు వచ్చి ఆ దేశము వెనుకకు మరలినది.

నార్వే సంగతి కొంత వేరు. అచ్చట 1969 లో సముద్రగర్భమున గొప్ప చమురు నిక్షేపము దొరకెను. 1972 లో ప్రభుత్వమే చమురు కంపెనీని స్థాపించెను. నేటికిని అందు మూడింట రెండువంతులు ప్రభుత్వమువే. చమురు ధనమును భావితరములకై 1990 వ సంవత్సరపు శాసనముచే ఏర్పడిన నిధిలో చేర్చుచున్నారు. ఈ యొక్క విషయమున సామ్యవాదపు ఛాయ స్పష్టముగా నున్నదని ఒప్పుకొనవలెను. కాని ఆ నిధిసొమ్మును లోకమందలి వేలకొలది ప్రైవేటు కంపెనీల వాటాలలో పెట్టి వారు లాభము తీయుచున్నారు!

కావున నా తీర్పిది. ఉత్తరదేశములలో ఆస్తి ఉమ్మడి కాలేదు. ఆపద ఉమ్మడి యైనది. పొలమును, కార్ఖానాయు యజమానివే. కాని వ్యాధి, వార్ధక్యము, నిరుద్యోగము అను మూడు ఆపదలును ఏ యొక్కని నెత్తిమీదను ఒంటరిగా పడకుండ దేశమంతయు భుజము పట్టినది. సామ్యవాదులు ముందు నిలిచి ఈ గృహము కట్టిరి. కాని కట్టినది సామ్యవాదము కాదు. 2015 లో డెన్మార్కు ప్రధానమంత్రి రాస్ముసెను అమెరికాకు పోయి, తమది ప్రణాళికాబద్ధమైన సామ్యవాద దేశము కాదనియు, విపణిపై నాధారపడిన దేశమే యనియు స్పష్టముగా చెప్పెను. అమెరికాలో కొందరు మెచ్చికోలుగాను, కొందరు భయపెట్టుటకును ఆ పేరు వాడుచుండుటచే ఆయనకు చెప్పక తప్పలేదు.

పేరులో నేమున్నదని మీరడుగవచ్చును. పేరు తప్పినచో ఖర్చు తప్పుగా తెలియును. అచ్చటి సౌకర్యములన్నియు ధనికులనుండి లాగికొన్న సొమ్ముతో జరుగుచున్నవని తలచుట పొరపాటు. స్వీడనులో సామాన్య ఉద్యోగియు తన ఆదాయమున నూటికి సుమారు ముప్పది వంతులు స్థానిక పన్నుగా చెల్లించును. అంగడిలో కొను చాల వస్తువులపై నూటికి 25 వంతున పన్ను గలదు. దానిని పేదవాడును చెల్లించును. చెల్లించినది తనకు తిరిగివచ్చునను నమ్మిక యుండుటచేత చెల్లించుచున్నాడు. ఆ నమ్మిక చెడిన నాడు ఆ గృహము నిలువదు.

గ్రామమందలి యా పెద్దలిద్దరికిని నా మనవి. మనుమడు చెప్పిన సౌకర్యములును నిజమే, బావగారు చూపిన యజమానులును నిజమే. ఈసారి మనుమడు ఇంటికి వచ్చినపుడు ఆ దేశము సామ్యవాదమా కాదా యని యడుగకుడు. నీ జీతములో పన్ను ఎంత పోవుచున్నది, అది నీకు భారముగా తోచుచున్నదా యని యడుగుడు. అతడిచ్చు ఉత్తరము నా ప్రసంగముకంటె మీకు ఎక్కువ బోధించును.