సెల్ఫ్ కొడితే ఆక్సిలరేటర్ కేబుల్ ఎందుకు కాలింది? బండి ఎర్త్ వెనకున్న చరిత్ర

మా బగ్గీ ఏమైంది, మళ్ల నడిచిందా అని మస్తు మంది అడుగుతున్నరు. నడిచింది. కానీ నడిచే ముందు మా దోస్తు ప్రాణం మీదికి తెచ్చింది. ఇయ్యాల ఆ కథ చెప్త. దాంతోపాటు దాని వెనకున్న దాదాపు రెండు వందల ఏండ్ల చరిత్ర కూడా చెప్త, ఎందుకంటే ఆ చరిత్ర తెలిసుంటే మాకు ఆ తిప్పలు వచ్చేటివి కావు.

కొత్తగా చూసేటోళ్లకు ఒక్క ముక్క. నేను, ఇద్దరు దోస్తులు కలిసి కరీంనగర్‌ల ఒక రేకుల షెడ్డులో ఈ బండి కట్టినం. పైపులు వెల్డింగ్ చేసి ఫ్రేమ్, స్క్రాప్‌ల కొన్న మారుతి 800 ఇంజన్, వైరింగ్ మొత్తం మా చేతులతోనే. ఫ్రేముకు రెండు కోట్లు పెయింట్ వేసినం. ఫోటోలల్ల మంచిగ కనిపియ్యాలె కదా! ఆ పెయింటే కొంప ముంచింది, అది తర్వాత.

తాళంచెవి తిప్పితే సెల్ఫ్ ఒక్కసారి మూలిగి ఆగిపోతుండె. హారన్ కొడితే హెడ్‌లైట్ డిమ్ము అవుతుండె. కుడి ఇండికేటర్ వేస్తే వేరే లైట్లు కూడా సన్నగ మినుకుమనేటివి. మేం బీటెక్ చదివినోళ్లం, కంపెనీలల్ల కోడ్‌ల బగ్గులు పట్టినోళ్లం. ఏం చేసినం? కొత్త బ్యాటరీ కొన్నం. తగ్గలే. సెల్ఫ్ మోటర్ మార్పించినం. తగ్గలే. లాగ్ చదవకుండ సర్వర్ మార్చినట్టు.

తర్వాత ఒక దోస్తు వాళ్ల మామిడి తోటలో టెస్టు పెట్టినం. పదిహేను సార్లు సెల్ఫ్ కొడితే ఇంజన్ పట్టింది. ఫస్ట్ గేరు వేసి కొంచెం దూరం పోయిండో లేదో, కాలు తీసినా రేసు తగ్గలే. ఆక్సిలరేటర్ కేబుల్ ఇరుక్కుపోయింది. ఎదురుగ గోడ లేని బాయి. ఆయన తాళంచెవి ఆఫ్ చేసి బ్రేకు మీద నిలబడ్డడు, బండి ఆగింది. బానెట్ దగ్గరికి పోయి కేబుల్ ముట్టుకుంటే నా వేళ్లు కాలినయి. లోపలి ప్లాస్టిక్ కరిగి తీగకు అంటుకుంది. ఆక్సిలరేటర్ కేబుల్‌ల కరెంటు ఉండదు కదా, అది ఎట్ల కాలుతది?

బండిని ట్రాలీలో వేసుకొని ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయినం. ఆదిలాబాద్‌ల, నాగ్‌పూర్ రోడ్డు మీద లారీల వైరింగ్ చేసుకుంట పని నేర్చుకున్న మనిషి. మేం మల్టీమీటర్ తీస్తుంటే ఆయన అడిగిన మొదటి మాట: "ఎర్త్ ఏడ పట్టిన్రు బిడ్డా?" ఫ్రేముకే పట్టినం అన్నం. ఆయన ఒక జంపర్ కేబుల్ తీసి, ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, ఇంకో కొస నేరుగ ఇంజన్‌కు తగిలించి, "ఇప్పుడు కొట్టున్రి" అన్నడు. సెల్ఫ్ గిర్రున తిరిగింది.

ఇక్కడ చరిత్రలోకి పోదాం. అసలు ఈ ఎర్త్ అనే మాట బండిలోకి ఎక్కడి నుంచి వచ్చింది? బండి రబ్బరు టైర్ల మీద నిలబడుతుంది, భూమితో దానికి సంబంధమే లేదు. ఆ మాట టెలిగ్రాఫ్ నుంచి వచ్చింది. 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ అనే శాస్త్రవేత్త రైలు పట్టాలనే టెలిగ్రాఫ్ వైర్లుగా వాడి చూశాడు. కుదరలేదు, కరెంటు భూమిలోకి కారిపోయింది. ఆ ఓటమిలోనే ఆయనకు ఒక సంగతి దొరికింది. భూమి కరెంటును మోస్తుందంటే, తిరిగి వచ్చే దారిగా భూమినే వాడుకోవచ్చు. రెండు వైర్ల చోట ఒక్క వైరు చాలు.

కార్లు ఇదే ఉపాయాన్ని తీసుకున్నాయి. భూమి చోట ఇనుము వచ్చింది, పేరు మాత్రం ఎర్త్ అనే మిగిలింది. స్పార్క్ ప్లగ్‌నే చూడండి, దానికి ఒక్కటే వైరు. తిరుగుదారి దాని మరలోంచి ఇంజన్‌లోకే. 1902లో బాష్ కంపెనీలో హోనోల్డ్ తయారు చేసిన మ్యాగ్నెటో రోజుల నుంచీ ఇంతే. అప్పటికి కరెంటు చాలా తక్కువ కాబట్టి తిరుగుదారి కొంచెం వంకరగా ఉన్నా నడిచిపోయింది. 1912లో కాడిలాక్ కారుకు కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ తెచ్చాక లెక్క మారింది. సెల్ఫ్ ఒక్క క్షణానికి వంద ఆంపియర్ల పైనే లాగుతుంది. పోయిన కరెంటంతా తిరిగి రావాలి కదా!

1931లో ఇంకో మలుపు. అదురు తగ్గించడానికి ప్లిమత్ కార్లలో ఇంజన్‌ను రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెట్టారు. ప్రయాణం హాయిగా మారింది. కానీ రబ్బరు కరెంటును పోనివ్వదు. రబ్బరు మీద కూర్చున్న ఇంజన్‌కూ చాసిస్‌కూ మధ్య తప్పనిసరిగా ఒక లావు జడ వైరు కావాలి. కంపెనీ కారులో అది ఎక్కడో మూలకు, నూనె మరకల కింద, ఎవరికీ కనిపించకుండా ఉంటుంది. మేం ఇంజన్ దించి తెచ్చుకునేటప్పుడు అది స్క్రాప్ దుకాణంలనే మిగిలిపోయింది. అది ఉందన్న సంగతే మాకు తెల్వదు.

మరి మా కరెంటు ఏ దారిన వచ్చింది? ఇంజన్‌నూ ఫ్రేమునూ కలిపే ఇనుము ఒక్కటే మిగిలింది, ఆక్సిలరేటర్ కేబుల్. సన్నటి తీగ. లెక్క చూడండి: దారిలో 0.05 ఓములు అడ్డం ఉంటే, 100 ఆంపియర్లకు 5 వోల్టులు అక్కడే పోతాయి. 500 వాట్ల వేడి, అంటే ఒక చిన్న హీటర్ అంత. ఫ్యూజు ఎందుకు పోలేదంటారా? సెల్ఫ్‌కు పోయే లావు కేబుల్‌కు ఫ్యూజు ఉండదు.

ఇంకో సంగతి. బ్రిటిష్ కార్లలో చాలావరకు ఒకప్పుడు పాజిటివ్‌నే ఎర్త్‌కు కట్టేవారు. మన అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోంచే. అందుకే పాత మెకానిక్‌లు బండి ముట్టుకునే ముందే ఎర్త్ సంగతి అడుగుతారు. మేం దాన్ని పాతకాలం అలవాటు అనుకున్నం.

ఇంట్లో బండి కట్టే పిచ్చి మనవాళ్లకు కొత్త కాదు. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు, పాత మోటారు సైకిల్ కొని విప్పి బిగించి నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచి, పళని మధ్య బస్సు నడిపాడు. 1937లో బాలసుందరంతో కలిసి దేశంలోనే మొదటి ఎలక్ట్రిక్ మోటర్ చేశాడు. 1952లో ఆయన చేసిన రెండు సీట్ల చిన్న కారుకు సర్కారు లైసెన్సు ఇవ్వలేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూసే ఉంటరు. బర్గర్ కారు, చెప్పు కారు... అన్నీ నడిచేవే. అక్కడ అందరూ ఆకారం దగ్గర సెల్ఫీలు దిగుతరు. నేను మాత్రం ఈసారి వంగి కిందికి చూసిన, ఎర్త్ ఏడ పట్టిండని. జనం నవ్విన్రు.

మా బండికి ఏం చేసినమో చెప్త. ఫ్రేము మీద ఎర్త్ పట్టేకాడ పెయింట్ గీకి తళతళలాడే ఇనుము తేల్చినం. బ్యాటరీ నుంచి ఇంజన్‌కు నేరుగ ఒక లావు కేబుల్, ఇంజన్ నుంచి ఫ్రేముకు ఒక జడ వైరు. బిగించినంక తుప్పు పట్టకుండ పైన గ్రీజు. హెడ్‌లైట్లకు, హారన్‌కు కూడా ఎర్త్ పాయింట్లు గీకినం, మినుకుమనుడు ఆగింది.

మీరు చూసుకోవాలంటే మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టున్రి. గేరు న్యూట్రల్‌ల ఉండాలె. నల్ల పిన్ను బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర పిన్ను ఇంజన్ మీద. ఇంకొకలను సెల్ఫ్ కొట్టమనున్రి. అర వోల్టు దాటితే తిరుగుదారిల తేడా ఉన్నట్టే. సెల్ఫ్ కొట్టకుండ చూస్తే ఏం తెల్వది, మీటర్ అంతా బాగుందనే చెప్తది. మేం మూడు రోజులు అట్లనే మోసపోయినం.

ముసలాయన పైసలు మూడు వందలు తీసుకున్నడు. మేం అంతకు ముందు పెట్టిన ఖర్చు చెప్తే మా నాయిన ఈ ఎపిసోడ్ చూస్తడు, అందుకే చెప్త లేను. కొత్త కేబుల్ వేసినం, సీటు పక్కన చెయ్యి అందేకాడ కిల్ స్విచ్ పెట్టినం. వచ్చే ఆదివారం మళ్ల అదే తోటకు పోతున్నం, ఈసారి బాయికి ఎదురుగ కాదు.