ఊపిరి చూడవలెనా, నాడి చూడవలెనా?

వ్యాధి ముదిరిన రోగిని డాక్టరు వచ్చి చూచి వెళ్ళును. రాత్రింబవళ్ళు మంచము ప్రక్కన ఉండునది నర్సు. రోగి స్థితి విషమించుచున్నదని ఆమె దేనినిబట్టి గుర్తించవలెను? ఊపిరినిబట్టియా, నాడినిబట్టియా? ఇటువంటి ప్రశ్న ఒకటి నూటముప్పది యేండ్లకు పూర్వమే మన హైదరాబాదులో పరీక్షకు వచ్చినది.

1847లో ఎడింబరో నగరములో సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమును మత్తుమందుగా ప్రవేశపెట్టినాడు. మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను బాలిక ఆ మత్తులో మరణించినది. గుండె ఆగుటయే ఇట్టి మరణములకు కారణమనియు, కాబట్టి నాడిని చూడవలెననియు లండను వైద్యులు వాదించినారు. ఎడింబరోకు చెందిన సైమ్ శిష్యులు మాత్రము శ్వాసను చూడవలెనన్నారు.

ఆ శిష్యులలో ఒకడైన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదు రెసిడెన్సీలో సర్జనుగా ఉండి, ఇక్కడి వైద్య పాఠశాలను నడిపినాడు. అతని పూనికతో 1888లో క్లోరోఫారము సంఘము ఏర్పడి జంతువులపై ప్రయోగములు చేసినది. ఆ ఫలితములను లండనులోని ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌన్లు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధినే రమ్మన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చినాడు. ఈ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ కూడ ఆ కృషిలో పాల్గొన్నది. ముందు శ్వాస, తరువాత గుండె ఆగునని రెండవ సంఘము కూడ తేల్చినది.

అంతటితో వాదము ముగిసినదా? లేదు. మత్తు తేలికగా ఉన్నప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించినాడు. అనగా లండనువారి మాటలోను సత్యము ఉన్నది. ఒక్క గుర్తునే నమ్ముకొనరాదన్నదే ఇందలి నీతి.

అయినను హైదరాబాదు సంఘము శ్వాసకిచ్చిన ప్రాధాన్యము వృథా కాలేదు. శరీరములో చీము వ్యాపించినను, రక్తము తగ్గినను, కణములకు ఆమ్లజని చాలక రక్తములో ఆమ్లము పెరుగును. మెదడులోని శ్వాసకేంద్రము దానిని పసిగట్టి ఊపిరి వేగమును హెచ్చించును. రక్తపు పోటు మాత్రము వెంటనే పడిపోదు. రక్తనాళములు ముడుచుకొని, గుండె వేగము హెచ్చి కొంతసేపు దానిని నిలబెట్టును. కాబట్టి పోటు బాగున్నదని ధైర్యపడుట ప్రమాదము.

2012లో బ్రిటనులోని వైద్యుల రాజ కళాశాల ఒక మార్కుల పద్ధతిని ప్రకటించి, 2017లో సవరించినది. ఒక రోగిని తీసికొందము: నిమిషమునకు శ్వాస 26 (3 మార్కులు), నాడి 112 (2), పై పోటు 104 (1), జ్వరము 38.4 సెంటిగ్రేడు డిగ్రీలు (1), రక్తములో ఆమ్లజని 95 శాతము (1). తెలివి బాగుగా ఉన్నది (0). విడివిడిగా చూచిన చాల అంకెలు భయపెట్టవు, కలిపిన 8. 7 గాని అంతకు మించి గాని వచ్చినచో అత్యవసరముగా వైద్యుని పిలువవలెను.

సంగారెడ్డి జిల్లాలోని సిర్గాపూర్ వంటి ఊరినుండి రోగిని నారాయణఖేడ్‌కు, అక్కడనుండి హైదరాబాదుకు తరలించవలసి వచ్చినపుడు, ముందుగా గుర్తించిన రెండు గంటలే దారికి సరిపోవును. ఈ గుర్తింపునకు ఖరీదైన యంత్రమక్కరలేదు. సెకండ్ల ముల్లున్న గడియారము చాలును.

ఉపాధ్యాయులు తరగతిలో దీనిని చేయించవచ్చును. మిత్రుని మణికట్టు పట్టుకొని, నాడి చూచుచున్నట్లే ఉండి, అతని ఊపిరిని నిండు నిమిషము లెక్కింపుడు. లెక్కించుచున్నామని చెప్పినచో ఊపిరి తీరు మారును. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో 12 మొదలు 20 వరకు సహజము. 25 దాటిన రోగిని ఎన్నడును ఒంటరిగా విడువరాదు.