బయానా తిరిగిచ్చే హక్కు

నేతగాళ్ల చరిత్ర ప్రస్తావనకు వస్తే మన కవులూ, వేదికలెక్కే వక్తలూ మొట్టమొదట చెప్పే మాట, ఢాకా సాలెల బొటనవేళ్లను ఇంగ్లీషువాళ్లు నరికించారని. ఆ ఆవేశాన్ని నేను తప్పుపట్టను. కాని ఆధారం వెదకబోతే దొరికేది వేరు. కంపెనీ కొలువు చేసి, దానితోనే తగవుపడ్డ విలియం బోల్ట్స్ 1772లో అచ్చువేసిన గ్రంథంలో, బెంగాల్‌లో పట్టునూలు తీసే పనివాళ్లు నిర్బంధపు పని తప్పించుకోవడానికి తమ వేళ్లు తామే నరుక్కున్న సందర్భాలున్నాయని రాశాడు. నరికించడంకన్నా ఇది ఘోరమని నా అభిప్రాయం. ఒక బేరం వదులుకోవడానికి మనిషి వేలు వదులుకోవలసివస్తే, ఆ వ్యవస్థ కీలకాన్ని కత్తిలో కాదు, బయానాలో వెదకాలి.

మన గోదావరి తీరమే చూద్దాం. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో కంపెనీ వర్తక స్థావరం 1833 దాకా నడిచింది. ఇంజరం, బెండమూర్లంకలలోనూ అలాంటివే ఉండేవి. లండన్‌లో పుట్టిన గిరాకీ మద్రాసు మీదుగా ఈ స్థావరాలకు, వాటినుంచి దళారులకు, వాళ్లనుంచి సాలె ఇంటికి చేరేది. ఎన్ని పుంజాల బట్ట, ఎంత పొడవు, ఎంత పన్నా – అన్నీ ముందే నిర్ణయం. కోరమండల్ తీరపు తానులు కొన్ని పశ్చిమాఫ్రికా దాకా పోయి, అక్కడ బానిసలను కొనే సరుకయ్యేవి. మగ్గం మీది మనిషికి ఆ సంగతి తెలిసే వీలే లేదు.

ఇంతవరకూ వర్తకమే. దక్షిణాది నేతగాళ్లపై 2001లో గ్రంథం ప్రచురించిన చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి ఒక విలువైన విషయం చూపాడు. అంతకుముందు సాలె తనకిచ్చిన బయానా తిరిగి ఇచ్చేసి బేరం తెంచుకోగలిగేవాడు. ఇంకొకడు ఎక్కువ ధర ఇస్తానంటే అతనికే నేసేవాడు. కొనేవాళ్లు పలువురుండటం, కోపం వస్తే ఊరు విడిచిపోయే వీలుండటం అతని బలం. రాజ్యాధికారం చేతికి వచ్చాక కంపెనీ ఈ బలాన్నే విరిచింది. దళారులను తప్పించి బయానా తానే ఇచ్చింది. బాకీ తీరేదాకా ఇతరులకు నేయరాదంది. ఇంటి ముందు బంట్రోతును నిలబెట్టి, వాడి బత్తా కూడా సాలె నెత్తినే వేసింది. మన నేతగాళ్లు ఊరుకోలేదు. అర్జీలు పెట్టారు, మగ్గాలు ఆపారు, ఊళ్లు ఖాళీచేశారు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే: అమెరికాలో బానిసలు ఏరిన పత్తి, లాంకషైర్ మరమగ్గం. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో 'మాదాపోలం' ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చే బట్ట! మన ఊరి పేరు మనకే దిగుమతి అయింది.

ఇదంతా గతించిన ముచ్చట అనుకునేవారిని ఢాకా సమీపంలోని సావర్‌కు తీసుకువెళ్లాలి. 2013 ఏప్రిల్ 23న రాణా ప్లాజా గోడలు బీటలువారాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూతపడ్డాయి. మర్నాడు కుట్టుపనివాళ్లను మాత్రం, రాకపోతే జీతం పోతుందని బెదిరించి లోపలికి పంపారు. విదేశీ ఆర్డర్లకు గడువు ముంచుకొస్తోంది. ఎనిమిది అంతస్తులూ కూలి 1,134 మంది చనిపోయారు, అత్యధికులు స్త్రీలు. బ్యాంకు గుమాస్తాకు ఉన్నదీ, వీళ్లకు లేనిదీ ఒకటే: రాననే హక్కు. ఆ సంవత్సరం మే నెలలో కార్మిక సంఘాలకూ విదేశీ బట్టల కంపెనీలకూ కుదిరిన ఒప్పందంలో, ప్రమాదకరమైన భవనంలోకి వెళ్లడానికి నిరాకరించినా జీతం కోయరాదన్న నిబంధన చేరింది.

అయితే గొలుసు పైకొసనున్నవారి చేతిలోని హక్కు చెక్కుచెదరలేదు. ఈనాటి కొనుగోలుదారు సాధారణంగా బయానా కూడా ఇవ్వడు. సరుకు ఓడ ఎక్కిన కొన్ని వారాలకో, నెలలకో డబ్బు చెల్లిస్తాడు. గుడ్డ, దారం, కూలి అన్నీ ఫ్యాక్టరీ యజమాని అప్పు. 2020లో కరోనా వచ్చి దుకాణాలు మూతపడగానే, పేరున్న కంపెనీలు కొన్ని కుట్టి మడతపెట్టిన బట్టలకు సైతం ఆర్డర్లు రద్దుచేశాయి. అవి కుట్టిన ఆడవాళ్లలో ఎందరో ఆ నెల జీతం లేకుండానే ఊళ్లకు బయలుదేరారు.