గోదావరిఖని జక్కవలు

సంస్కృతపు చక్రవాకమే తెలుగులో జక్కవ. రాత్రి కాగానే జంట ఎడబాసి, ఏటికి ఈ గట్టున ఒకటి, ఆ గట్టున ఒకటి నిలిచి పిలుచుకొంటాయని కవిసమయం. తరగతిలో ఎన్నేళ్ళో పాఠం చెప్పిన మాట. పద్యంలో జక్కవ ఏడాది పొడుగునా ఉంటుంది; గోదావరిలో అలా కాదు. లడఖ్, టిబెట్ మిట్టల మీద పిల్లలను చేసి, అక్టోబరులో ఇటు దిగి, ఎండలు ముదరక ముందే మరలిపోతుంది. అది ఎక్కువగా రాత్రివేళ మేసే బాతు. చీకట్లో దూరదూరంగా వినవచ్చే ఆ పిలుపులే కవిసమయానికి మూలమని నా ఊహ.

నిజాం ప్రభుత్వ తోడ్పాటుతో 1931-32లో సాలిం అలీ గారు హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేశారు. గోదావరిఖని అనే ఊరు అప్పటికి పుట్టనే లేదు. చెరువులు వానతో నిండేవి, వేసవికి అడుగంటేవి. పిట్టల రాకపోకలూ ఆ లెక్కనే.

ఆ లెక్కను మార్చినది బొగ్గు. రామగుండం ఎన్టీపీసీకి 1978లో శంకుస్థాపన, 1983లో తొలి యూనిట్. బొగ్గు మండాలంటే పక్కన నీరు నిలవాలి గనుక జలాశయం వచ్చినది. చుట్టుపక్కల చెరువులు నెరియలిచ్చిన వైశాఖంలోనూ కొంగలకు, నీటికాకులకు అక్కడ ఆసరా. అదే నీటి మీద 2022లో 100 మెగావాట్ల సౌరఫలకాలను తేలవేశారు. సుమారు 500 ఎకరాలు పరచుకొన్నవి. విద్యుత్తు లెక్క దినదినమూ వ్రాస్తారు. పిట్టల లెక్క కూడా ఒక పుస్తకంలో ఎక్కిస్తే బాగుండును.

జక్కవకు మాత్రం నిండు జలాశయం కన్న ఇసుక తిన్నె ప్రియం. 2019లో సుందిళ్ళ బరాజు నిండినపుడు వెనుక నీరు ఎల్లంపల్లి దిశగా ఎగదన్ని, మన తిన్నెలు మునిగినవి. 2023 అక్టోబరులో దిగువన మేడిగడ్డ స్తంభాలు కుంగిన పిమ్మట సుందిళ్ళ గేట్లూ ఎత్తివేశారు. రైతుకది నష్టమే, కాదనను. తిన్నెలు మాత్రం మళ్ళీ బయటపడినవి.

జక్కవలు దిగేది కార్తీక స్నానాల రోజులలోనే. ఘట్టానికి వెళ్ళేవారు తిన్నెల వైపు ఒకమారు చూడగలరు: నారింజ వన్నె ఒడలు, వెలిసిన తల, ఎగిరినపుడు రెక్క మీద తెల్లని పట్టె. సాధారణంగా రెండేసి ఉంటవి, పగలు.