సొసైటీ కబురు: నల్గొండ, పాలమూరు ఊళ్లలో వానాకాలం, యాసంగి

నల్గొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) ఉమ్మడి జిల్లాల రైతులకు సొసైటీ నుంచి ఏటా రెండు విడతలుగా కబురు అందుతుంది. మృగశిర కార్తెకు ముందు వచ్చేది వానాకాలం కబురు. అందులో విత్తనాలు, ఎరువులు, పంట రుణాల రెన్యువల్ సంగతులుంటాయి. దసరా దాటాక యాసంగి కబురు మొదలవుతుంది. కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుస్తారు, గన్నీ సంచులు వచ్చాయా, మళ్లీ రుణం, మళ్లీ యూరియా. సొసైటీ అంటే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం. సింగిల్ విండో అన్నా అదే. నూరేళ్లు దాటిన ఈ ఏర్పాటులో కబురు మోసుకొచ్చేది డప్పు పోయి వాట్సాప్ అయింది. కబురులోని సరుకు కూడా మారింది. మొదట్లో అప్పు తప్ప వేరే మాట ఉండేది కాదు, ఇప్పుడు వడ్ల మాటే ఎక్కువ. ఈ మార్పుకు సగం కారణం కృష్ణ నీళ్లు, మిగతా సగం సర్కారు నిర్ణయాలు. సంఘం సొంతంగా చెప్పిన మాట ఈ చరిత్రలో తక్కువే.

హైదరాబాద్ సంస్థానంలో సహకార పరపతి సంఘాల చట్టం 1914లో వచ్చింది. ఊళ్లో పది మంది ఒకరికొకరు పూచీ ఉండి అప్పు తెచ్చుకోవడం దాని ఉద్దేశం. నల్గొండ, పాలమూరు పల్లెల్లో అప్పటి పరపతి అంతా దొరలది, షావుకార్లది. విత్తనానికో, ఎండకాలం తిండికో వడ్లు, జొన్నలు నాగుకు తెచ్చుకొని, పంట చేతికొచ్చాక ఒకటికి ఒకటిన్నర కొలవడం రివాజు. సర్కారు కాగితం ఉర్దూలో నడిచే రోజుల్లో, చదువు రాని సభ్యుడికి సంఘం మాట పట్వారీ నోటి నుంచో, కావలికారు డప్పు చాటింపులోనో తెలిసేది. ఆ మాట దాదాపు ఎప్పుడూ ఒక్కటే: కిస్తు ఎప్పుడు కట్టాలి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సర్కారు ధాన్యం లెవీ మొదలుపెట్టింది. నాగు బెడద తగ్గించడానికి ధాన్యం బ్యాంకులు కూడా పెట్టించింది. ఆలోచన మంచిదే. అయితే లెవీ కొలిచిన చెయ్యే బ్యాంకు గింజలూ కొలిస్తే రైతు రెండింటినీ ఒక్క గాటనే కట్టాడు. పెద్ద భూస్వాములు లెవీ తప్పించుకోగా చిన్న రైతుల గాదెలు ఊడ్చుకుపోయిన సంగతి నల్గొండ జిల్లా సాయుధ పోరాట చరిత్ర అంతటా కనిపిస్తుంది. 1946 తర్వాత ఊళ్లలో తగలబడ్డ కాగితాల్లో అప్పు పత్రాలూ ఉన్నాయి.

స్వాతంత్ర్యం తర్వాత రిజర్వు బ్యాంకు చేయించిన గ్రామీణ పరపతి సర్వే ఒక చేదు నిజం బయటపెట్టింది. 1951-52లో దేశంలోని రైతులు చేసిన అప్పుల్లో సహకార సంఘాల వాటా 3.1 శాతమే. దాంతో సంఘాల్లో సర్కారు వాటాధనం పెట్టడం, జిల్లా కేంద్ర బ్యాంకులను బలపరచడం మొదలైంది. హైదరాబాద్ రాష్ట్రం 1952లో చేసుకున్న సహకార చట్టం ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రద్దయి, రెండు ప్రాంతాలకూ కలిపి 1964 చట్టం వచ్చింది. తెలంగాణ సంఘాలు నేటికీ ఆ చట్టం కిందనే నడుస్తున్నాయి.

ఇదే కాలంలో నల్గొండ జిల్లా నీళ్ల లెక్కన రెండుగా చీలింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారిన హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు రెండు పంటల వరి, రైసు మిల్లులు, మందు బస్తాలు వచ్చాయి. కాలువ ఎక్కని దేవరకొండ, మునుగోడు, చండూరు, ఆవల పాలమూరులోని కల్వకుర్తి, అచ్చంపేట, కోస్గి, నారాయణపేట ఆముదాలు, జొన్న, కంది, పల్లి మీదనే బతికాయి. కాగితం మీద సంఘాల నియమాలు రెండు చోట్లా ఒకటే. కబురు మాత్రం రెండు తీర్లుగా పనిచేసింది.

దీనికి పంట రుణం లెక్కే కారణం. ఎకరానికి ఏ పంటకు ఎంత ఇవ్వాలో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఏటా ఖరారు చేస్తుంది. దాన్ని స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. సభ్యుడు తీసుకునే రుణంలో నూటికి పది చొప్పున వాటాధనంగా జమ చేసుకుంటారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఇచ్చేది వానాకాలం రుణం, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇచ్చేది యాసంగి రుణం. ఈ క్యాలెండరు వరికి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. వరి ఒక్కసారి కోతకొస్తుంది, ఒక్కసారి కాంటా పడుతుంది, పైసలు ఒక్కసారి చేతికొస్తాయి.

ఆముదం అట్లా కాదు. మృగశిరలోనో ఆరుద్రలోనో వేస్తే మూడు నెలలు దాటాక మొదటి గెల వస్తుంది. ఆ తర్వాత సంక్రాంతి దాకా విడతలు విడతలుగా గెలలు కోస్తూనే ఉంటారు. కోసిన కొద్దీ ఎండబెట్టి, కొట్టి, సంతకో ఊరి దుకాణానికో, నాలుగు బస్తాలు పోగైతే బాదేపల్లి మార్కెట్‌కో తీసుకుపోతారు. వచ్చిన డబ్బు వచ్చినట్టే ఉప్పుకూ పప్పుకూ కరుగుతుంది. మార్చి నెలాఖరు గడువు నోటీసు వచ్చేసరికి రైతు చేతిలో పంటా ఉండదు, పైకమూ ఉండదు. నామాల పురుగు తగిలిన ఏడు సంగతి చెప్పనక్కరలేదు. పాలెం పరిశోధనా స్థానం క్రాంతి, హరిత వంటి ఆముదం రకాలను ఇచ్చింది గానీ, విడత విడతకూ కొనే సహకార ఏర్పాటు ఆముదానికి నిలదొక్కుకోలేదు. పల్లికి ఒక ప్రయత్నం జరిగింది. నూనెగింజల రైతుల సహకార సమాఖ్య కృష్ణ ఒడ్డున బీచుపల్లిలో నూనె మిల్లు పెట్టింది, తర్వాత అది మూతపడింది.

పాలమూరులో ఇంకో చిక్కు ఉంది. యాసంగి కబురు వచ్చే వేళకు సభ్యుల్లో చాలామంది ఊళ్లో ఉండరు. వానాకాలం పంట తీసి, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పట్టుకొని, కాలువ తవ్వకాలకో కట్టడాల పనికో గుంపులుగా వలస పోయినవారు మళ్లీ తొలకరికి గానీ తిరిగి రారు. మహాజన సభలో కోరం కోసం ముసలివాళ్ల వేలిముద్రలు తీసుకోవడం ఈ పల్లెల్లో వింత కాదు. మేస్త్రీ అడ్వాన్సు ఏ కాగితమూ లేకుండా సమయానికి దొరికేది. సొసైటీ అప్పుకు పహాణీ నకలు, నో డ్యూస్ కాగితం, జామీను కావాలి. రెండింటికీ నడుమ కూలి రైతు ఎటు పోయాడో వలస బస్సులు చెబుతాయి.

1987లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సింగిల్ విండో పద్ధతి తెచ్చింది. అంతకుముందు స్వల్పకాలిక పంట రుణం ఒకచోట, బావికీ మోటారుకూ దీర్ఘకాలిక రుణం భూమి తనఖా బ్యాంకులో. ఇప్పుడు రెండూ ఒకే కిటికీ దగ్గర దొరకాలన్నారు. చిన్న చిన్న సంఘాలను కలిపి, నాలుగైదు ఊళ్లకో సంఘం చేశారు. సొంత ఊళ్లో ఉన్న సంఘం పక్క ఊరికి పోవడంతో డప్పు చాటింపు పలచబడి, గోడ మీద నోటీసు, పంచాయతీ మైకు ముందుకొచ్చాయి. కిటికీ ఒక్కటైంది, లోపలికి చేరాల్సిన పైకం మాత్రం ఎప్పటిలాగే జిల్లా బ్యాంకు నుంచి రావాలి. బకాయిలు పెరిగిన ఏళ్లలో కబురు నోటీసుగానే వచ్చింది. మోటార్లు, తలుపులు జప్తు చేసిన రోజులు ఈ జిల్లాల్లో ఇంకా చాలామందికి జ్ఞాపకమే.

రుణమాఫీలు ఈ కబురు స్వభావాన్నే మార్చేశాయి. 1990లో పది వేల దాకా మాఫీ వచ్చింది. 2008లో కేంద్రం రెండు హెక్టార్ల లోపు రైతుల బకాయి పూర్తిగా కొట్టేసింది. మెట్ట సీమలో ఆరేడెకరాల రైతు కాలువ కింద రెండెకరాల రైతు కన్నా బీదవాడు కావచ్చన్న సంగతి ఆ లెక్కకు అందలేదు. గడువులోపే కట్టినవారికి అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 5,000 రూపాయల ప్రోత్సాహకం ఇచ్చింది. తెలంగాణ వచ్చాక 2014లో లక్ష దాకా మాఫీని నాలుగు విడతలుగా చేశారు. 2024లో జులై నుంచి విడతలుగా రెండు లక్షల దాకా చేశారు. ప్రతిసారీ సొసైటీ గోడ మీద జాబితా అంటించారు. బకాయిదారుల పేర్లు చూసుకోవడానికి సిగ్గుపడి వెళ్లని గోడ దగ్గరికే జనం ఎగబడ్డారు. సరిగా కట్టినవాడికి ఏం మిగిలిందన్న ప్రశ్న మాత్రం మహాజన సభల్లో నేటికీ లేస్తుంది. ఏడాదిలోపు కట్టేవారికి ఏడు శాతం వడ్డీలో కేంద్రం మూడు శాతం తగ్గిస్తుందన్న జవాబు ఆ కోపానికి చాలదు.

గత పదిహేనేళ్లలో సొసైటీ కబురును వడ్లు ఆక్రమించాయి. ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలు, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు, 2018 జనవరి నుంచి మోటార్లకు 24 గంటల కరెంటు తోడై, ఆముదం చేలు వరి మడులయ్యాయి. పౌరసరఫరాల సంస్థ తరఫున సొసైటీలు, ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) మహిళా సంఘాలు కొనుగోలు కేంద్రాలు తెరిచి కమీషన్ మీద కొంటాయి. అప్పుడు వచ్చే కబురు చాలా నిర్దిష్టంగా ఉంటుంది. తేమ 17 శాతం మించొద్దు, తాలు, మట్టి తూర్పారబట్టాలి, పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు ఖాతా జిరాక్సులు తేవాలి, టోకెన్ వరుస ప్రకారం కాంటా. 2025-26కి క్వింటాలు మద్దతు ధర సాధారణ రకానికి 2,369, ఏ గ్రేడుకు 2,389 రూపాయలు. సన్నాలకు 2024 వానాకాలం నుంచి రాష్ట్రం 500 బోనస్ కలుపుతోంది. కబురులో లేనిది తరుగు. సంచికి ఎంత తీస్తారన్నది కాంటా దగ్గర తేలుతుంది, అక్కడే తగాదా మొదలవుతుంది.

మిర్యాలగూడ చుట్టుపక్కల లెక్క వేరు. అక్కడ రైతు కోత మిషను నుంచి పచ్చి వడ్లను నేరుగా ట్రాక్టరులో మిల్లుకు తోలుతాడు. సన్నాలు మిల్లుకు, దొడ్డు వడ్లు కొనుగోలు కేంద్రానికి అన్నది అక్కడి అలవాటు. 2020 వానాకాలంలో మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరితే అధికారులు సన్నాలకూ టోకెన్లు పెట్టాల్సి వచ్చింది.

సొసైటీకి సొంత మాట లేకపోవడం ఎంత ఇబ్బందో 2021-22 యాసంగి చూపింది. ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం, అయితే యాసంగిలో కొనుగోలు కేంద్రాలు ఉండవని రాష్ట్రం పట్టుబట్టాయి. వరి వేయొద్దన్న కబురు ఊరూరా చేరింది. నమ్మినవారు మడి ఎండబెట్టారు, నమ్మనివారు నాట్లు వేశారు. 2022 ఏప్రిల్ 12న రాష్ట్రం మళ్లీ కొంటామంది. మొదటి మాటను చాటిన సొసైటీలే రెండో మాటనూ చాటాయి. మాట విన్నవాడు నష్టపోయి, విననివాడు అమ్ముకున్న ఏడు అది. ఆ తర్వాత వచ్చే హెచ్చరికలను రైతులు ఎంత నమ్ముతారో ఊహించడం కష్టం కాదు.

ఎరువుల కబురు మరీ గడియల లెక్క. మార్క్‌ఫెడ్ నుంచి లారీ దిగితే గంటలోనే తెలిసిపోతుంది. 2018 నుంచి ఈ-పాస్ యంత్రంలో వేలిముద్ర వేస్తేనే 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు ఇస్తారు. 2025 ఆగస్టులో దిగుమతులు ఆలస్యమై, రామగుండం కర్మాగారంలో ఉత్పత్తి ఆగిన రోజుల్లో సొసైటీ గోదాముల ముందు చెప్పులు, పాసుబుక్కులు వరుసలో నిలిచాయి. రాత్రి వచ్చిన వాట్సాప్ కబురుకు తెల్లారేసరికి వరుస కట్టినవారికే బస్తా దొరికింది.

పాల సొసైటీల తీరు దీనికి భిన్నం. నల్గొండ, రంగారెడ్డి జిల్లాల పాల ఉత్పత్తిదారుల సంఘం, జనం మాటల్లో మదర్ డెయిరీ, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందిది. వెన్న శాతం చూసి రేటు కట్టే ఆ లెక్కకు కార్తెలతో పని లేదు. వాన ముఖం చూడని ఏడు కూడా మెట్ట రైతుకు ఎంతో కొంత పైకం తిప్పింది ఈ లెక్కే. సొంత మాట ఉన్న సంఘాన్ని చూడాలంటే జిల్లా దాటాలి. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు రుణం, విత్తనం, ఎరువు, పంట కొనుగోలు అన్నీ తానే చూసుకుంటుంది కాబట్టి కబురు కూడా తానే రాస్తుంది.

ఈ రెండు జిల్లాలు 2016, 2019 విభజనల తర్వాత ఎనిమిదయ్యాయి. జిల్లా కేంద్ర బ్యాంకులు పాత సరిహద్దులతోనే మిగిలాయి. గద్వాల సంఘం లెక్కలు ఇప్పటికీ మహబూబ్‌నగర్‌కే పోతాయి. పాలకవర్గాలకు చివరిసారి 2020 ఫిబ్రవరి 15న ఎన్నికలు జరిగాయి, ఒక్కో సంఘానికి 13 మంది డైరెక్టర్లు. 2022లో కేంద్రం ఆమోదించిన పథకం కింద లెక్కలు కంప్యూటర్లకెక్కుతున్నాయి. రైతు వేదికలు కట్టాక వ్యవసాయ విస్తరణ అధికారుల (ఏఈవోల) సమావేశాలు అక్కడే జరుగుతున్నాయి, సొసైటీ కబురూ వ్యవసాయ శాఖ కబురూ ఒకే ఫోనులో ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి.

అయినా ఆ ఫోను నంబరు సభ్యుడిది, సభ్యత్వం భూమి పట్టా ఉన్నవాడిది. మడిలో నాటు వేసేది, కలుపు తీసేది ఆడవాళ్లయినా పట్టా చాలా ఇళ్లలో మగవాళ్ల పేరు మీదే ఉంది. కౌలు రైతులకు 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది గానీ తెలంగాణలో అది దాదాపు నిలిచిపోయింది. పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటే రుణం రెన్యువల్ కబురు అక్కడికే పోతుంది. సేద్యం చేసే కౌలుదారు యూరియా కోసం ఆయన పాసుబుక్కు జిరాక్సు అడిగి తెచ్చుకోవాలి. కొనుగోలు కేంద్రంలో వడ్లు అమ్మాలంటే ఆయన ఒప్పుకోలు, ఏఈవో ధ్రువీకరణ తెచ్చుకోవాలి.