ఏడవ నంబరు బాట

హైదరాబాదు నగరము దాటి ఉత్తరమునకు పోవు దారులు రెండు మనకు సుపరిచితములు. షామీర్‌పేట మీదుగా పోవునది కరీంనగరము చేరును. మేడ్చల్ మీదుగా పోవునది నాగపూరు చేరును. ఈ రెండవ దారి మన పెద్దలకు కాశీకి పోవు బాట.

చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన పరివారముతో బయలుదేరి, హైదరాబాదు చూచి, ఈ బాటనే నాగపూరు వైపు సాగినారు. తిరిగి ఇల్లు చేరునప్పటికి 1831 సెప్టెంబరు 3వ తేదీ. పదునైదు నెలలకు పైబడిన ఆ ప్రయాణములో మజిలీ మజిలీకి నీటివసతి యెట్టిది, అంగళ్లున్నవా, దారి రాతినేలయా, రేగడియా అని వ్రాసియుంచినారు. 1838లో అచ్చయిన వారి కాశీయాత్ర చరిత్ర మనకట్లు దక్కినది.

తరువాతి కాలమున ఈ దారికి ఏడవ నంబరు జాతీయ రహదారియని పేరు వచ్చినది. దాని ఉత్తరపు కొస వారణాసియే. 2010లో రహదారుల అంకెలు మార్చినపుడు మేడ్చల్ బాట నలుబది నాలుగవది అయినది. ఏడవ అంకె హిమాలయములకు పోయినది. నేడు ఆ అంకె గల రహదారి ఋషీకేశము, దేవప్రయాగల మీదుగా జోషీమఠము చేరి, బదరీనాథమునకు సాగుచున్నది.

జోషీమఠము సుమారు ఆరువేల అడుగుల ఎత్తున, కొండవాలున వెలసిన పట్టణము. ఎదుట హాథీ పర్వతము. అడుగున ధౌళీగంగా అలకనందల సంగమము. శంకరభగవత్పాదుల నాలుగు మఠములలో ఉత్తరపు మఠము ఇదియేయని సంప్రదాయము. శీతకాలమున బదరీనాథ ఆలయము మూసినపుడు శంకరాచార్యుల గద్దెను ఇచ్చటి నరసింహాలయమునకు తెత్తురు. యాదగిరిగుట్ట స్వామిని కొలుచు మనవారికి ఆ నరసింహుడు పరాయివాడు కాడు. స్వామి చేయి ఏటేట సన్నబడుచున్నదనియు, అది విరిగిననాడు కొండలు కలిసి బదరీ దారి మూసుకొనుననియు స్థలపురాణము.

పురాణము మాట అట్లుండనిండు. 1976లో మిశ్రా సంఘము, ఈ పట్టణము పూర్వమెన్నడో జారిపడిన రాళ్లమట్టి మీద నిలిచినదనియు, బరువైన కట్టడములు కూడదనియు, వాలున బండలు కదల్పరాదనియు, చెట్లు కొట్టరాదనియు హెచ్చరించినది. ఆ హితవు చాలవరకు కాగితముననే నిలిచినది. కట్టడములు పెరిగినవి; వాడిన నీరు పోవుటకు సరియైన కాలువలు లేక నేలలోనికే ఇంకినది. 2023 జనవరిలో ఎనిమిది వందలకు పైగా కట్టడములు బీటలువారగా, ఎందరో ఇల్లు వాకిలి విడిచి పోవలసివచ్చినది.

వీరాస్వామయ్యగారు అడుగడుగున నేల నెరిగి నడచిన యాత్రికుడు. నేడు మేడ్చల్‌నుండి బయలుదేరువారు రెండు మూడు దినములలో ఆ కొండ చేరగలరు. నడకలో వేగము వచ్చినది. నేల నెరుగుట తగ్గినది. మన బసకొరకు లేచు ప్రతి అంతస్తు బరువును మోయునది ఆ కొండయే. దైవదర్శనమునకు పోవువారు దైవము నిలిచిన నేలను గూడ కనిపెట్టి మసలుట యాత్రాధర్మమే గదా.