వెన్నును బిగించే నీరు

అనంతపురం పీఠభూమిలో ఏ పల్లెకు పోయినా నడుము నొప్పి మాట వినబడుతుంది. వేరుశనగ చేలలో పొద్దంతా వంగి కలుపు తీసేవారికి నడుము నొప్పి రావడములో వింత ఏమున్నది అని మనము అనుకుంటాము. కాని కొన్ని గ్రామాలలో నడివయసువారు మెడ త్రిప్పలేక దేహమంతా త్రిప్పి చూస్తారు. ముందుకు వంగిన వీపు మరల నిటారు కాదు. ఇది శ్రమ వలన మాత్రమే వచ్చే బాధ కాదు.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అను నలుగురు వైద్య పరిశోధకులు ఒక వ్యాసము ప్రకటించినారు. అప్పటి నెల్లూరు జిల్లాలో, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాల రోగులను వారు పరీక్షించినారు. ఎక్సురే చిత్రములలో ఆ వెన్నెముకలు మామూలుకంటె చాల తెల్లగా, దట్టముగా కనబడినవి. వెన్నుపూసలను కలిపే బంధనములు సైతము సున్నము పట్టి ఎముకవలె గట్టిపడినవి. ఇటువంటి ఎముకలనే అంతకు అయిదేండ్ల ముందు, 1932లో, కోపెన్‌హాగెన్‌లో మోలర్, గుడ్జాన్సన్ అనువారు క్రయొలైటు కర్మాగారపు కూలీలలో చూసినారు. అక్కడ కారణము ఫ్లోరిన్ గల ఖనిజపు దుమ్ము. ఇక్కడ ఏ కర్మాగారమూ లేదు. మంచినీళ్ల బావియే కారణము!

నీటిలోని ఫ్లోరైడు ఎముకను ఎట్లు పట్టుకుంటుంది? ఎముకకు గట్టిదనమిచ్చే ఖనిజములో కాల్షియము, ఫాస్ఫేటులతో పాటు హైడ్రాక్సిల్ అయానులు ఉంటాయి. ఫ్లోరైడు అయాను పరిమాణములో దానికి దగ్గరది. కావున దాని స్థానములో సులభముగా కూర్చుంటుంది. అంతటితో ఆగక, ఎముకను నిర్మించే కణాలను ఉసికొల్పి, అక్కరలేని చోట్ల కూడ ఎముకను పెంచుతుంది. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. వెన్నుపాము సాగే నాళము ఇరుకైతే కాళ్లు చచ్చుబడవచ్చును. ఇదంతా ఏండ్ల తరబడి సాగే పని. తొలి రోజులలో నొప్పి, బిగువు తప్ప మరేమీ ఉండదు. అందుకే వాతమని సరిపెట్టుకుంటారు.

మన నేల గ్రానైటు, నైసు శిలల నేల. వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. రాతి పగుళ్లలో చాలకాలము నిలిచిన నీరు ఫ్లోరైడును కరిగించుకుంటుంది. ఆ నీటిలో కాల్షియము తక్కువై, క్షారగుణము ఎక్కువైతే ఇంకా ఎక్కువ కరుగుతుంది. బుక్కపట్నము, ధర్మవరము, శింగనమల వంటి చెరువులలో నిలిచేది వాననీరు. ఇంతకాలము రాతిలో ఊరినది కాదు. కరవు వెంట కరవు వచ్చి బోరుబావులు లోతుకు పోయినకొద్దీ, మనము త్రాగేది చాల ఏండ్లు రాతిలో ఊరిన నీరైనది. వానలు తగ్గినందుకు వెన్నెముక మూల్యము చెల్లించినదనవచ్చును.

1940లో పండిత్, రాఘవాచారి మొదలగువారు మదరాసు రాజధానిలో మరల పరిశోధించి, పోషకాహారము కొరవడినవారిలో ఈ వ్యాధి ఎక్కువ తీవ్రమని చూపినారు. ఒకే బావి నీరు త్రాగినా కలిగినవారి వెన్ను, కూలివారి వెన్ను ఒకే తీరున ఉండవన్నమాట.

1955లో సిద్దికీ నల్లగొండ జిల్లా రోగులను గూర్చి వ్రాసినాడు. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతిని నాగపూరు పరిశోధనాలయము రూపొందించినది. దానికి నల్లగొండ పేరే నిలిచినది. మన జిల్లాలో 1995-96లో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు 700కు పైగా గ్రామాలకు నీరందించే పథకము చేపట్టినది. నా దృష్టిలో నీటిని శుద్ధి చేయడముకంటె మంచి నీటిని తేవడమే మేలు. పటిక కొలత ఇంటింటా తప్పక నిలవడము కష్టము.

ఉపాధ్యాయులు తరగతిలోనే గమనించదగిన గుర్తు ఒకటి కలదు. పిల్లల పళ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు ఉంటే ఆ ఊరి నీటిని పరీక్షింపజేయాలి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. పంటి పింగాణి ఏర్పడేది బాల్యములోనే. కాబట్టి మంచి నీటి ఊరినుండి కోడలిగా వచ్చినామె పళ్లు తెల్లగానే ఉంటాయి. ఇరవై ఏండ్లు అత్తవారింటి బావి నీరు త్రాగిన తరువాత ఆమె నడుము పట్టివేసినపుడు, పళ్లను చూసి నీటిని అనుమానించేవారు ఉండరు.